తాడు పద్దు

పుంటా అరేనాస్‌లో మా బడి తలుపు
లోపలికీ తెరుచుకోదు, బయటికీ తెరుచుకోదు,
గాలి ఎటంటే అటు.
ఇరవై రెండేళ్లుగా ఆ తలుపు పక్క గదిలో
పాలకమండలి మినిట్స్ రాస్తున్నాను.
ఎవరేమన్నారో రాయడం నా ఉద్యోగం.
ఎవరేమనలేదో
జీతం లేకుండా గుర్తుపెట్టుకుంటాను.

మార్చిలో, బడి తెరిచిన వారం,
చక్రాలున్న కుర్చీ ఒకటి వచ్చింది.
దాని వెనకే యెర్కో మతులిచ్ వచ్చాడు.
గది మీద పలక: ఆవిష్కరణల సంచాలకుడు.
గోడ నిండా రంగు చీటీలు అంటించాడు,
కొత్త బిచ్చగాడు పొద్దెరగడని నవ్వుకున్నాను.
'భవిష్యత్తు' అని రాసిన చీటీ
హీటరు వెనక పడిపోయింది.
ఇంకా అక్కడే ఉంది.

గేటు నుంచి తలుపు దాకా ఒక తాడుండేది,
గాలి రోజుల్లో చిన్నపిల్లలు పట్టుకు నడిచేందుకు.
కట్టింది మా ఆయనేనంటుంది ఎదిత్ టీచరు.
మా మామ అంటాడు కాపలా ఎలియెసెర్.
మార్చాల్సింది నేనని మాత్రం
ఎవరూ అనగా వినలేదు.

సెప్టెంబరు చివర్లో తెగింది.
మూడో తరగతి మైతే నావెల్కిన్
మోకాలు చీరుకుని, విరిగిన పంటిని
పిడికిట్లో దాచుకుని నా కిటికీ దగ్గరికొచ్చింది.

సమావేశం పెట్టారు.
ఆటల పద్దులో పడదన్నాడు కోశాధికారి ఒస్వాల్దో.
మరమ్మతు అంటే ఉన్నదాన్ని బాగుచేయడం,
రికార్డుల్లో అసలు తాడే లేదు.
భద్రత అంటే మూడు కొటేషన్లు కావాలి.
పదిమందిలో పాము చావదంటారు.
ఈ ఊళ్లో పామునెప్పుడూ చూడలేదు నేను.
పదిమందినీ చూశాను.

యెర్కో ఏమీ అనలేదు.
సాయంత్రం రేవుకెళ్లి
నలభై మీటర్ల ఓడతాడు భుజానేసుకొచ్చాడు,
తారు వాసన వరండా అంతా.
రసీదు మీద 'ఆవిష్కరణ' అని రాసి సంతకం పెట్టాడు.
"ఇది ఆవిష్కరణా?"
"ఈ పద్దులో డబ్బుంది" అన్నాడు,
"మరి దేనికీ అక్కరకు రాలేదు."

అతని ముడి రెండుసార్లు జారింది.
ఎలియెసెర్ మాట్లాడకుండా విప్పి
మళ్లీ కట్టాడు.

ఆ తర్వాత అతని గదికి మనుషులు రావడం మొదలైంది.
మూలపడ్డ కుండల బట్టీ గురించి ఒకరు,
నత్తివచ్చే పిల్లాడు మౌఖిక పరీక్షను
ఇంట్లో రికార్డు చేసి తెస్తానంటున్నాడని ఒకరు.
ఆ మాటలు నాకు కొత్త కాదు.
ఇన్నేళ్లూ అవన్నీ నా కిటికీ దగ్గరికే వచ్చాయి.
దరఖాస్తు పెట్టుకోండి అన్నాను.
మర్యాదగానే అన్నాను.

డిసెంబరులో అజెండాలో నాలుగో అంశం:
ఈ పదవి మనకు అవసరమా?
ఆలోచన కూడా జీతానికి కొనాలా అన్నారొకరు.
ఆ జీతంతో కిటికీలన్నీ మార్చొచ్చు అన్నారింకొకరు, నిజమే.
కొత్తగా అతను కనిపెట్టిందేమిటని ఒస్వాల్దో.
ఎదిత్ టీచరు లేచింది:
"ఆలోచన నాకూ వస్తుంది.
ముప్ఫైనాలుగు మంది పిల్లల మధ్య
దాన్నెక్కడ దించుకోను?"
ఇటు ముగ్గురు, అటు ముగ్గురు.
యెర్కో కిటికీలోంచి తాడును చూస్తున్నాడు,
తన గురించి కాదన్నట్టు.
గాలి గంటకు తొంభై కిలోమీటర్లని
ఎవరి ఫోనో చెప్పింది.
నిర్ణయం మార్చికి వాయిదా.

అందరూ వెళ్లాక శుద్ధప్రతి రాశాను.
ఐదో అంశమని వేసి,
సమావేశంలో ఎవరూ పలకని రెండు వాక్యాలు చేర్చాను:
ఎలియెసెర్‌ను పిలవలేదు.
ఏడాదికోసారి తాడు చూడాల్సిందెవరు?

మర్నాడు కాగితాలు తిప్పి,
ఆరుగురూ సంతకాలు పెట్టారు.