చెక్కలో మిగిలే నూనె

ఇరవై నాలుగు పలకలు.
పెండ్లిపత్రికంత వెడల్పు, రేకంత మందం.
ఒకదానిమీదొకటి పేర్చి, బోల్టులు బిగించి
చేతులు తుడుచుకుంటే
గుడ్డకు గ్రాఫైటు మసి, షెడ్డంతా బుడ్డల వాసన.
అనంతపురం, తాడిపత్రి రోడ్డులో మూతబడిన నూనె మిల్లు,
అందులో సగం మేం బాడుగకు తీసుకున్నాం.
వాసనకు బాడుగ లేదు.

ఈ పక్క నుంచి హైడ్రోజన్, ఆ పక్క నుంచి గాలి,
నడుమ పాలమీది మీగడకన్నా పలుచని పొర.
మంట లేదు. పొగ లేదు.
కరెంటు వస్తుంది,
కింద సన్న గొట్టం కొసన
ఒక నీటిబొట్టు వేలాడుతుంది.

దీని ఉద్యోగం చిన్నది.
ఉరవకొండ అవతల ఒక ఆరోగ్య కేంద్రంలో
రాత్రి కరెంటు పోయినప్పుడు
టీకాల ఫ్రిజ్జు వేడెక్కకుండా చూడాలి.

తక్కువ అడిగితే మర్యాదగా ఇస్తుంది,
తిన్న హైడ్రోజన్‌లో సగానికి పైగా కరెంటు చేసి.
ఎక్కువ అడిగితే
ఇస్తుంది గానీ సణుగుతుంది,
ఆ సణుగుడంతా వేడి.
నిదానంగా అడగాలంటే పలకలు పెంచాలి.
పలక అంటే ప్లాటినం.
ప్లాటినం అంటే మా లెక్కల మహబూబ్ సుభాన్
కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టడం.

"పూత పలుచన చేస్తే పోలా?
పెనానికి ఉల్లిగడ్డతో నూనె రాసినట్ల?"
చేశాం.
ఆరు వారాలు దోసెలు బాగానే లేచాయి.
ఏడో వారం పెనం పట్టుకుంది.

ఆ రాత్రి ఎర్రినాగప్ప
బీడీ గేటు బయటే ఆర్పి లోపలికొచ్చాడు.
మిల్లు నడిచిన కాలంలో ఎక్స్‌పెల్లర్ దగ్గర ఇరవై ఏండ్లు,
ఇప్పుడు మాకు కాపలా.
నా గ్రాఫును చాలాసేపు చూశాడు,
నమ్మకం లేని మబ్బును చూసినట్టు.
"చెక్కలో రోంత నూనె మిగల్నీ మేడమ్మా.
ఆఖరి బొట్టుదాంక పిండితే
బొట్టు విలువ పావలా, మర అరుగుడు పది రూపాయలు.
అట్లని ముందే ఆపితే షావుకారు గోవిందా.
మర గొంతు మారుతాది సూడు, ఆడ ఆపల్ల."

నా మరకు గొంతు లేదే,
రెండు ఫ్యాన్ల రొద తప్ప.
అందుకని పదేండ్ల ఖర్చంతా కాగితమ్మీద కూడి చూశాను:
పలకలది ఎక్కే గీత,
సిలిండర్లది దిగే గీత,
రెండూ కలిపిన గీత
వంగి, మళ్ళీ లేచింది.
నేను బావి కోసం వెతికాను,
ఎండిన చెరువు అడుగులా చదునుగా ఉంది.
ఇరవై ఎనిమిది పలకల దగ్గర నిలబడినా
ముప్పై నాలుగు దగ్గర నిలబడినా
ఖర్చు ఒకటే, నూటికి రూపాయి అటూ ఇటూ.
మూడు నెలలు నేనూ సుభానూ
ఈ చదునులో ఎవరిది లోతని కొట్లాడుకున్నాం.

ఫోన్లో నర్సు సులోచనకు చెప్పాను.
ఇరవై ఎనిమిదైతే సిలిండరు పదకొండు రోజులొస్తుంది,
ముప్పై నాలుగైతే పన్నెండు.
పెద్ద తేడా లేదు.

"ఉంది" అంది.
"ఆటో అతను గేటు కాడ దించి పోతాడు.
ఆడినుంచి వరండా దాకా
దొర్లించేది నేనే.
ఏడాదికి మూడుసార్లు తగ్గుతాది గదా."

నా గీతలో ఆమె నడుము లేదు.

సుభాన్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.
పొడుగు పుస్తకంలో సిలిండర్ల కింద
ఖాళీ వరస ఒకటి వెతికి
"మోత" అని రాశాడు.
ఎదురుగా అంకె వెయ్యలేదు.
పలకల దగ్గర మాత్రం ఇరవై ఎనిమిది కొట్టేసి
ముప్పై నాలుగు అని దిద్దాడు.

ఇప్పుడు తెల్లవారుతోంది. పరీక్ష నడుస్తోంది.
గొట్టం కింద నాగప్ప పెట్టిన స్టీలు గ్లాసు
అంచుకు వేలెడు తక్కువలో ఉంది.
ఒక గుక్క తాగి, నాలుక చప్పరించి
"ఉప్పు లేదే" అన్నాడు,
మా బోరును తిట్టినట్టు.
మిగతాది గేటు పక్క కరివేపాకు మొదట్లో వంచి
గ్లాసు మళ్ళీ
గొట్టం కింద పెట్టాడు.