ఉప్పు లారీ బంపరు

ఇకీకే రేవుకు దక్షిణాన, సముద్రానికీ ఎడారికీ మధ్య
ఒక్క లారీ పట్టేంత సందులో నా షెడ్డు.
ఇక్కడ వాన పడదు. అయినా అన్నీ తడుస్తాయి.
తెల్లారుజామున కామంచాకా పొగమంచు లేచొచ్చి
ప్రతి బోల్టు మెడలోనూ వేలు పెట్టి చూసి పోతుంది.

వెన్సెస్లావ్ చాయాపా ఉప్పు లారీ ఆపి దిగాడు.
బంపరు విప్పి నేల మీద పడేస్తే
గంటలా మోగాల్సింది, దగ్గింది.
లోపల ఎంత పోయిందో నాకప్పుడే తెలిసింది.

"క్రోమ్ చెయ్యి ఒఫేలియా.
మా మామ లారీకి ఉండేది. అందులో చూసుకుని తల దువ్వుకునేవాడు."

పైన పటారం, లోన లొటారం, అన్నాను.
కంకర రాయి ఒక్కటి తగిలితే చాలు,
సూదిమొనంత సందులో దూరి
మెరుపుకు తెలియకుండా మెరుపు కిందంతా తినేస్తుంది.
ఉప్పు తిన్న విశ్వాసం అంటారు మనుషుల సంగతిలో.
ఇక్కడ తినేదే ఉప్పు.

షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాను.
మూడేళ్ళుగా సముద్రం గాలికి తీగ మీద వేలాడుతున్న రేకుముక్కలు,
ఒక్కోదాని వెనక తేదీ, నా చేతిరాత.

ఉత్త ఎనామెల్ ముక్క: తీగ మిగిలింది.
పొడి చల్లి పొయ్యిలో కాల్చిన నలుపు:
చూపుకు నున్నగానే ఉంది, అంచున గోరు పెడితే అప్పడంలా లేచింది.
దున్నపోతు తోలులాంటి ఈ గరుకు పూత, రాయి కొట్టినా రాయే ఎగిరిపడుతుంది.
చాకుతో కోసి చూపించాను.
లోపల ఎర్రటి పొడి, ఊదితే లేచింది.
తుప్పు కడగకుండా పూసిన ముక్క అది. పైన ఒక్క గీత లేదు.

చివరిది బూడిదరంగు.
ఇసుకతో కొట్టి, జింకు పట్టించి, ఎపాక్సీ వేసి, ఆ పైన తోలు.
ఇనుముకు బదులు ముందు తానే కరుగుతుంది జింకు.
అక్కలాంటిది అననులే, నాకు అక్క ఉంది.

"ఇది అందంగా లేదు," అన్నాడు.
లేదు, అన్నాను.
"ఎంత?"
మూడు ట్రిప్పుల డబ్బు.
కాసేపు సముద్రాన్ని చూశాడు, అదేదో తగ్గిస్తుందన్నట్టు.

ఇసుక కొట్టాక ఇనుము పుట్టినప్పటి రంగులో ఉంటుంది,
సాయంత్రం దాకా ఆగదు.
అందుకే ముందే అడిగాను:
కన్నాలు ఎక్కడెక్కడ కావాలో ఇప్పుడే చెప్పు,
పూత అయ్యాక డ్రిల్లు ముట్టుకోకు.
నంబరు పలక, లాగే కొక్కెం, రెండు దీపాలు.
ఇంకేం లేదా?
"ఇంతే."

జూలై చివర, లా తిరానా జాతర అయిపోయాక వచ్చాడు.
బంపరు నడుమ చిన్న రేకు బిళ్ళ, నీలం దుస్తుల్లో అమ్మవారు, రెండు స్క్రూలు.
ఒక్కో స్క్రూ కింద సన్నగా,
కప్పు అంచున కారిన టీ చారలాంటి ఎరుపు.

"మా మాకరెనా ఈ ఏడు దెయ్యం ముసుగేసుకుని ఆడింది.
మూడు రోజులు, కాళ్ళు బొబ్బలెక్కేదాకా.
తనే కొనితెచ్చింది. ముందు పెట్టు నాన్నా, రోడ్డు చూస్తుంది అంది."

తిట్లు నోటిదాకా వచ్చాయి. స్క్రూడ్రైవరు తీశాను.
కన్నాల అంచులు గీకి, సన్న కుంచెతో జింకు,
ఆరేదాకా ఆగి ఎపాక్సీ, మళ్ళీ ఆగడం.
అంతసేపూ అతను బిళ్ళను రెండు చేతులా పట్టుకు నిలబడ్డాడు.
బల్ల మీద నూనె, నేల మీద ఇసుక,
దించడానికి చోటు దొరక్క.
టీ ఇస్తే చేతులు ఖాళీ లేవన్నాడు.

స్టెయిన్‌లెస్ స్క్రూలు వేశాను, కింద నైలాన్ వాషర్లు.
డబ్బు అడగలేదు.
అడగాల్సింది.