రిమార్కుల గడి

ధర్మసాగరం తూము కాడ
రేకుల గదిలో ఒక రిజిస్టరు.
తేదీ, నీటిమట్టం, వదిలిన నీళ్లు, సంతకం.
చివరి గడి రిమార్కులది.
ఏమీ లేకుంటే అడ్డగీత కొట్టాలె.
లస్కర్ ఓదెలు ఇరవై రెండేండ్లల్ల
ఒక్క అడ్డగీతా కొట్టలే.

"సెప్టెంబరు పద్దెనిమిది. జిటంగి ఒకటి. కట్ట మీద. తోక ఆగుతలేదు."
"ఇరవై ఆరు. జిటంగులు ఏడు. చలి ఇంకా రాలే, ఇవి వచ్చినయ్."
సద్దుల తెల్లారి:
"బతుకమ్మల మీద నడుస్తున్నయ్."

అది నేనూ చూసిన.
వాడిన గునుగు, నానిన తంగేడు,
రాత్రి ఆడోళ్లు సాగనంపిన పూలన్నీ
గాలికి తూము దిక్కు కొట్టుకొచ్చినయ్.
వాటి మీద బూడిదరంగు పిట్ట
పురుగు కోసం ఒక్కో రెమ్మ కింద వెతుక్కుంట
నీళ్ల నడుమ దాకా పోయింది.
పువ్వు మునగలే.
ఎన్ని కొండలు దాటొస్తే
అంత తేలికైతదో ఒళ్లు.

నేను కొత్తగా వచ్చిన ఇంజనీరును.
ఎర్రసిరాతో గుండ్రం చుట్టి అడిగిన,
సర్కారు పుస్తకంల ఈ పిట్టల లెక్కేంది ఓదెలూ?
"గడి ఖాళీగుంటే మంచిగనిపియ్యది మేడం."
గ్రీజు చెయ్యి లాగుకు తుడ్చుకుండు.
ఇంకేం చెప్పలే.

దసరా నాడు ఊరంతా
పాలపిట్ట కోసం కట్టెక్కింది.
తీగ మీద కూసున్నదాన్ని చూసి
పిల్లలు చేతులు జోడించిన్రు.
ఆ రోజు గడిలో అది లేదు.
"అది మనూరిదే గద మేడం,
ఉన్నోళ్లను రాయ. వచ్చినోళ్లనే రాస్త."

తర్వాతి పేజీ:
"పలిస పిట్టలు, ఒక మబ్బంత.
జొన్నచేను జాగాల పత్తి ఉన్నది.
మూడు చుట్లు తిరిగి పోయినయ్."
నీటిమట్టం రాసే సిరాతోనే రాసిండు,
అదే చేతిరాత, అంతే ఒత్తి.

నవంబరు అయిపోవచ్చింది.
నెత్తి మీద రెండు నల్లగీతల పెద్దబాతులు,
హిమాలయం మీదికెళ్లి వచ్చేటివి,
నిరుడు ఈపాటికి నలభై ఒకటి.
ఈసారి పేరు రాసి పక్కన జాగ విడిచిండు.
రాలేదని రాసెయ్యరాదూ అన్న.
"రాలేదని ఎట్ల రాస్త?
ఇంకా రాలే."

చెల్లె బిడ్డ పెండ్లని ఓదెలు హుజూరాబాద్ పోయిన రాత్రి
తూము కాడ నేనే ఉన్న.
మంచు. కట్ట మీది దీపం కూడా
దూదిల చుట్టిపెట్టినట్టు.
నాలుగు గంటలప్పుడు పైనుంచి
తుప్పుపట్టిన గిరకలు తిరిగినట్టు గొంతులు,
ఒకటెనుక ఒకటి, తల మీదికెళ్లి.
టార్చి వేస్తే మంచే కనపడ్డది.
మెడ నొప్పి పుట్టేదాకా అట్లనే నిలబడ్డ.
నీటిమట్టం రాసిన,
చివరి గడిలో పెన్ను ఆగింది.
"చీకట్ల గొంతులు. ఎన్నో తెల్వదు."

రెండోనాడు ఓదెలు వచ్చి చదివిండు.
బయటికి పోయి చాన్సేపు నీళ్ల దిక్కు చూసిండు.
నీళ్ల మీద ఏం లేవు.
లోపలికొచ్చి నా ఎర్రపెన్ను అడిగి తీస్కొని
ఆ మాట చుట్టూ గుండ్రం చుట్టిండు.
పక్కన చిన్నగ రాసిండు:
"మేడం విన్నది."
కింద సంతకం పెట్టిండు.
పెద్దబాతుల పక్కన జాగ
అట్లనే ఉంచిండు.