తాళంచెవికి నోరొచ్చాక

విస్సంరాజు గారు అట్టపెట్టె బల్లమీద పెట్టి
"రాహేలమ్మా, చిల్లు లేని సంచీ ఒకటి కుట్టాలి" అన్నారు.
నాకు నవ్వాగలేదు.
నలభై రెండేళ్లుగా కొక్కెం సూదితో
నేను అల్లిందంతా చిల్లులే.
నర్సాపురం లేసంటే ఏంటండీ,
దారంతో కంచె కట్టిన ఖాళీ.
చిల్లు ఎంత తీరుగా వస్తే అంత కూలి.

ఆయన నవ్వలేదు.
రొయ్యమేత అప్పు తీరకుండానే కొన్న తెల్లకారు
మంగళవారం తెల్లారేసరికి వాకిట్లో లేదు.
అద్దం పగల్లేదు. గొళ్లెం వంగలేదు.
కుక్క తల కూడా ఎత్తలేదు,
రోజూ తెరుచుకునే తలుపే కదా అనుకుందేమో.
తాళంచెవి మాత్రం మేకుకి వేలాడుతోంది
క్యాలెండరు పక్కన, ఏమీ ఎరగనట్టు.

ఎదురింటి కెమెరాలో చూశారట.
ఒకడు బడిసంచీ లాంటిది గుండెకి హత్తుకుని
గోడవారగా నిలబడ్డాడు.
ఇంకొకడు కారు దగ్గర.
ముట్టుకున్నది లేదు, కొట్టింది లేదు.
విన్నారు, విన్నదాన్ని మోశారు, అంతే.

కారు "ఉన్నావా?" అంటుందట.
చెవి "ఉన్నా" అంటుందట.
రెండడుగుల దూరంలో గుసగుసగా అనుకోవాల్సిన మాటని
పెళ్లిళ్ల పేరయ్యల్లా ఇటుది అటు, అటుది ఇటు చేరేశారు,
గోడ దాటించి, తులసికోట దాటించి.
పిచ్చి కారు నమ్మింది.
చించినాడ వంతెన దాటేదాకా
యజమాని పక్కనే ఉన్నాడనుకునే పరిగెత్తి ఉంటుంది.

గోడలకి చెవులుంటాయని మా అమ్మ అనేది.
తాళానికీ ఒక చెవి ఉంటుందని మనకి తెలుసు,
ఇత్తడిది, బొడ్లో దోపుకునేది, అడిగినా పలకనిది.
ఇప్పుడా చెవికి నోరొచ్చింది.
ఇంటిల్లిపాదీ పడుకున్నాక కూడా
అడిగినవాడికల్లా జవాబు చెప్తోంది.

పెట్టెలోది వెండిరంగు గుడ్డ.
కత్తెర కింద అప్పడంలా కరకరమంది.
రెండు పొరలు వేసి, పైన నల్ల జీన్సు తొడిగి,
పర్సుకి పెట్టినట్టే మూతికి గుండీ పెట్టాను.
ఆయన బావమరిది కారు మా సందులోకి తెచ్చారు.
చెవిని సంచీలో వేసి, చేత్తో పట్టుకుని, తలుపు లాగారు.
టిక్.
తెరుచుకుంది.
దొంగని నేనే అన్నట్టు చూశారు నాకేసి.

రెండోది మూతి పొడవుగా కత్తిరించాను.
ఒక మడత, దానిమీద ఇంకో మడత,
పైన అతుక్కునే పట్టీ.
లాగారు. మళ్లీ లాగారు.
కారు బండరాయిలా ఊరుకుంది.
"ఆయ్!" అన్నారాయన,
వారం రోజుల్లో మొదటిసారి పళ్లు కనపడ్డాయి.

ఆ రాత్రి మిగిలిన పేలిక మీద
మనవరాలి భూతద్దం పెట్టి చూశాను.
ఓరి దేవుడా, దీన్నిండా చిల్లులే!
రాగిపోగు మీద రాగిపోగు, మధ్యలో సందు,
నా అల్లికే, చీమకి కట్టిన లేసులాగ.
చేపపిల్ల ఆగాలంటే వలకన్ను చిన్నదవ్వాలని
ఏటిగట్టు మీద ఎవర్నడిగినా చెప్తారు.
అల పెద్దది, కన్ను చిన్నది,
మాట లోపలే గిలగిల్లాడుతుంది.
చిల్లు లేనిది అడిగారు గానీ
ఆయన తెచ్చిందీ చిల్లుల గుడ్డే.
చెప్పలేదు. ఎనభై రూపాయలు తగ్గించి ఇస్తారని భయం.

తర్వాత చెరువులవాళ్లే పద్నాలుగు చెప్పారు.
ప్రతి మూత మీదా ఒక లేసు పువ్వు వేశాను,
దానికి డబ్బులడగలేదు.
మా ఇంటి తలుపుకి ఇంకా కొబ్బరితాడే.

నిన్న విస్సంరాజు గారు మళ్లీ వచ్చి
చెడిపోయిన మొదటి సంచీ ఉందా అన్నారు.
పోయిన కారు చెవిని అందులో వేసుకున్నారు.
"అది మూత పడదండీ, మాట బైటికి పోద్ది" అన్నాను.
"పోనీ రాహేలమ్మా,
ఎప్పుడైనా ఈ దారిన వెళ్తూ అది పిలిస్తే
దీనికి వినపడాలిగా."