కాంటా చిట్టీ వెనక

మిర్యాలగూడ బైపాసు మీద
వడ్ల లారీలు వరుస కట్టిన రాత్రి
మిల్లు కాంటా రూముల నేను,
ఫోన్ల సైదులు.
వాడు హుజూర్‌నగర్‌ల సెల్లు షాపు షట్టరు దించి
మెట్ల మీద కూసొని ఆడుతడు.
నేను రెండు లారీల నడుమ ఆడుత.

మా కొట్లాటంత ఉంగరం కాడ.
నా కత్తి దాడి రెండు వందలు,
ఖాళీగున్నది ఒక్క వేలు.
ఒక ఉంగరం తొడిగితే దెబ్బ దెబ్బకూ అరవై ఎక్కువ.
ఇంకోటి తొడిగితే ఊకె ఏం గాదు,
పదిట్ల ఒక్కపారి క్రిటికల్ పడ్డప్పుడు మాత్రం
మూడు వందలు తగిలేది ఐదు వందలు తగుల్తది.

“క్రిటికలే పెట్టన్నా,” అంటడు సైదులు,
“ఎర్రంకె లేస్తది సూడు,
నూనెల ఎండుమిరప పలిగినట్టు.”

నేను కాంటా మనిషిని.
బండిని లోడుతోని తూచి, ఖాళీగ తూచి
నడుమ తేడా రాసి బతికేటోన్ని.
చేతులున్న చిట్టీ ఎనక్కి తిప్పి రాసిన:
పది దెబ్బలకు
అరవై ఉంగరం రెండు వేల ఏడు వందల ముప్పై,
ఎర్రంకె ఉంగరం రెండు వేల మూడు వందలు.

సైదులు చాన సేపు సప్పుడు చెయ్యలే.
ఎనక తన కత్తి ఫొటో పంపిండు.
వానిది రెండు వేల దాడి.
ఆ లెక్క కట్టి చూస్తే వాడే గెలిచిండు.
వాని రెండు వేలల్ల నా అరవై
లోడు లారీ మీద వాలిన పిచ్చుక.
వాలినా, లేచినా
కాంటా అంకె కదల్లే.

దసరాకు పది రోజుల ముందట
సేటు అందర్నీ వడ్ల కుప్ప కాడికి పిలిచిండు.
బోనసు, నెల జీతంల నూటికి పదా,
తలా పదిహేను వందలా,
మీరే తేల్చుకోండ్రి అన్నడు.
“పది శాతం!” అని ఆపరేటరు చెయ్యెత్తిండు.
శాతం అనే మాటకు గొంతు పెద్దగుంటది.
తౌడు ఊడ్చే ఆడోళ్ళ చేతులు గూడ లేచినయ్.

ఆపరేటరు జీతం ముప్పై ఎనిమిది వేలు.
ఊడ్చే ఈదమ్మది తొమ్మిది.
నాది పదహారు వేల రెండు వందలు.
శాతమైతే నాకు
నూట ఇరవై రూపాయలు ఎక్కువొస్తయి.
నోరు తెరవలే.
ఇరవై ఏండ్ల సంది టన్నులు తూస్తున్న గని
నూట ఇరవై రూపాయల సప్పుడు లేనితనం
ఎంత బరువో ఎన్నడు తూయలే.

పగటీలి ఈదమ్మ నీళ్ళకొచ్చింది,
రెప్పల మీద తౌడు.
చెయ్యి ఊకోలే. అదే చిట్టీ ఎనక
ఉంగరాల లెక్క కింద
తొమ్మిది వందలు, పదిహేను వందలు అని రాసి చూపిచ్చిన.
ఆమెకు అచ్చరాలు రావు, అంకెలొస్తయి.
“మరి పొద్దుగాల నీ నోట్లె బెల్లముండెనా, కొడుకా?”

నా నూట ఇరవై దాసుకునేందుకు
గబగబ ఉంగరాల ముచ్చట చెప్పిన.
మొత్తం ఇన్నది.
“పదిట్ల ఒక్కపారి పెద్దగ తగుల్తదా?
గా ఒక్కపారి తగుల్తదనే
మా ఆయన పేకముక్కల కాడ ఎకరంనర పెట్టిండు.”
చిట్టీ మడిచి కొంగున ముడేసుకొని పోయింది.

పొద్దుమీకి చేతులు మళ్ళ లేచినయ్.
ఈపాలి లెక్కవెట్టింది నేనే.
తలా పదిహేను వందలు.
ఆపరేటరు వారం దాకా నా చాయ్ల చక్కెరెయ్యలే.

ఆ రాత్రి అరవై ఉంగరం తొడిగిన.
రెండు వందల అరవై. రెండు వందల అరవై.
తెల్లంకెలు, ఈదమ్మ చీపురు లెక్క
ఒక్క తీరుగ, ఆగకుండ.
నిజం చెప్తున్న, యాష్టకొచ్చింది.
మూడో లారీ వచ్చేసరికి
మళ్ళ ఎర్రంకె ఉంగరమే నా ఏలికున్నది.
సైదులు నవ్వుడే నవ్వుడు.

కిందికెళ్ళి డ్రైవరు కేకేసిండు, నా చిట్టీ ఏదన్నా అని.
అప్పుడు యాదికొచ్చింది,
ఈదమ్మ కొంగుముడిల
ముందు పక్క అచ్చైన
ఇరవై మూడు టన్నుల వడ్లు.