కస్టమ్స్ సీలు

ఎదిర్నెలో రాత్రంతా తెరిచుండే మందుల షాపు
ఈ వారం నాదే వంతు.
పన్నెండు దాటాక పిల్లల జ్వరాలతో తల్లులొస్తారు,
గట్టిగా అడుగుతారు.
లారీ డ్రైవర్లు మాత్రం ముందు బ్లేడ్లు కొంటారు,
తరవాత చూయింగ్ గమ్,
ఇంకెవరూ లేరని చూసుకుని అప్పుడు
గొంతు తగ్గిస్తారు.

అతని పేరు నెజ్దెత్. మలాత్యా నుంచి.
వెనక ఇరవై రెండు టన్నుల ఎండు ఆప్రికాట్లు,
ముందు సరిహద్దు గేటు దాకా
పదకొండు కిలోమీటర్ల లారీలు.
"అక్కా, కడుపు..." అని ఆగిపోయాడు.
ఐదు రోజుల నాటి మాట
నోటి దగ్గర కూడా అడ్డం పడింది.

కుర్చీ చూపించాను.
కూర్చోలేనన్నాడు.

నీళ్లు తాగుతున్నావా?
తాగితే దిగాలి, దిగితే క్యూలో చోటు పోతుంది.
తిండి?
రొట్టె, చీజు, మళ్లీ రొట్టె.
నడక?
క్లచ్ దాకా.
నడుం నొప్పికేమైనా మింగుతున్నావా?
జేబులోంచి సగం ఖాళీ అయిన అట్ట తీశాడు. కోడీన్.
"బావమరిది ఇచ్చాడు."
బావమరుదులు ప్రపంచమంతా ఒకటే.

రసీదు వెనక పెన్నుతో గీశాను.
ఇదిగో, పెద్దపేగు. ఒట్టి పిసినారి.
తన గడపలో ఆగినదాన్నల్లా పిండుకుంటుంది.
ఒక పూట ఆగితే కొంచెం,
రోజుల తరబడి ఆగితే ఆఖరి చుక్క దాకా.
మిగిలేది గులకరాయి.
దానికి తోడు ఈ మాత్ర
పేగుకి జోలపాట పాడుతోంది.

పిలుపు వచ్చినప్పుడల్లా తరవాత, తరవాత అన్నావు.
తలుపు కొట్టికొట్టి తీయకపోతే
ఏ చుట్టం మళ్లీ వస్తాడు?
కడుపుకీ అభిమానం ఉంటుంది.
మలబద్ధకం అంటాం గానీ
బద్ధకం దానిది కాదయ్యా,
బద్ధం. కట్టేశాం దాన్ని,
సీటు బెల్టుతో కొంత, సిగ్గుతో ఎక్కువ.

"గట్టిది ఇవ్వు, ఈ రాత్రికే తేలిపోవాలి."
క్యూలోనా? అన్నాను.
కాస్త ఆలోచించి
కడుపు పట్టుకుని నవ్వాడు.

రక్తం పడిందా? వాంతులా? పొట్ట రాయిలా ఉబ్బిందా?
వీటిలో ఏ ఒక్కటున్నా
నా దగ్గర కాదు, ఆస్పత్రిలో ఉండాలి నువ్వు.
లేవన్నాడు. గాలి పోతోందన్నాడు,
కొంచెం గర్వంగానే.

నీటిని పట్టి ఉంచే పొడి పొట్లాలిచ్చాను.
తొందరపెట్టకు, రెండు రోజులు పట్టొచ్చు.
బావమరిది మాత్ర ఇక వద్దు,
నడుం సంగతి డాక్టరుకి చూపించు.
ఇక అసలు మందంటావా,
ఇరవై రెండు టన్నులు నీ వెనకే ఉంది!
"సీలు వేశారక్కా," అన్నాడు దిగులుగా,
"కస్టమ్స్ సీలు."

అయ్యో.
వంటింట్లోంచి నా సీసా తెచ్చాను.
మీ ఊరి సరుకే, మీ ఊరి ధర కాదు.
రాత్రి నానేసి పొద్దున ఆ నీళ్లతో సహా తిను.
ఆరు. పదహారు కాదు.
నీళ్లు తాగకుండా పీచు తింటే
దారికి అడ్డం పడ్డ ఇసుక లారీ వెనక
ఇంకో ఇసుక లారీ.

టీ తాగాక పేగు మేలుకుంటుంది, అప్పుడు వెళ్లు.
కాళ్ల కింద పెట్టె వేసుకో,
మోకాళ్లు నడుం కన్నా పైకి రావాలి.
ముక్కకు. ఫోన్ లారీలో వదిలెయ్.

"క్యూలో నా చోటు?"
వెనకవాడికి చెప్పు.
"ఏమని?"
నిజమే చెప్పు. వాడిదీ మూడో రోజై ఉంటుంది.

నెజ్దెత్ మళ్లీ రాలేదు.
గేటు దాటాడో, గుట్టు దాటాడో తెలీదు.

గురువారం రాత్రి ఒక బల్గేరియా డ్రైవరు
బ్లేడ్లు కొన్నాడు, చూయింగ్ గమ్ కొన్నాడు,
అటూ ఇటూ చూశాడు.
మాట్లాడకుండా కౌంటర్ మీద పెట్టాడు
డీజిల్ మరకలతో, నాలుగు మడతలతో
నేను గీసిన పేగు.
పక్కన ఎవరిదో చేతిరాతలో పెద్ద ఆరు,
దాని కింద రెండు గీతలు.

కుర్చీ చూపించాను.
వద్దని తలూపాడు.