రెండో మైకు

నర్సాపురంలో మూతపడ్డ రైసుమిల్లు.
ప్రతిధ్వని మింగటానికి
గోడలకి గోనెసంచులు కొట్టాం.
అయినా ఊక వాసన పోలేదు,
మైకు జాలీలో కూడా ఊకే.

నా పని చిన్నది.
మొదటి మైకు ఎస్తేరుది, కదపక్కర్లేదు.
రెండోదాన్ని మాత్రం వచ్చినవాళ్ళ ఎత్తుకి
పెంచాలి, దించాలి.

పాతికేళ్ళు బొంబాయి హోటళ్ళలో
తాగేవాళ్ళ మాటల మీంచి పాడిన గొంతు.
ఇప్పుడు కాస్త జీరబోయింది,
ఆ జీరనే ముందు నిలబెట్టి పాడుతుంది.
"ఒక్కదాన్నీ పాడీ పాడీ విసుగొచ్చిందబ్బాయ్.
ఈసారి ప్రతి పాటకీ ఎదురుగా మనిషుండాలి."

సోమవారం పాలకొల్లు బ్యాండుమేళం నుంచి
క్లారినెట్ సూర్రావు గారు.
ఎర్రకోటుతోనే వచ్చారు, భుజం మీద జరీ ఊడింది.
జాజ్ అంటే ఏంటండీ అన్నారు.
ఆమె చెప్పబోయి ఆగి,
"పెళ్ళికొడుకు కారు రైల్వేగేటు దగ్గర ఆగిపోతే
మీరేం చేస్తారు?" అంది.
"ఏముందండీ, గేటు ఎత్తేదాకా
ఉన్న చరణాన్నే తిప్పి తిప్పి సాగదీస్తాం.
ఒక్కోసారి గూడ్సు వస్తాదండి.
అప్పుడు ఎక్కడికి పోతన్నామో మాకే తెలీదు."
"అదేనండి" అంది ఎస్తేరు.
నేను బటన్ నొక్కాను.
ఆ రోజు గూడ్సు వచ్చింది.
పద్నాలుగు నిమిషాలు.

మర్నాడు హార్మోనియం వెంకటరత్నం గారు.
ఎడమ చెవి వినపడదు.
"నలభై ఏళ్ళు కృష్ణుళ్ళకీ దుర్యోధనులకీ శ్రుతి పట్టానమ్మా,
వన్సుమోర్లు వాళ్ళకి, దోమలు నాకు.
ఒక్కడైనా నా వైపు తిరిగి పాడితే ఒట్టు."
ఎస్తేరు కుర్చీ లాక్కుని
ఆయన కుడిచెవి పక్కకి జరిగింది.
మైకు ఇటుందని చేతులూపాను, పట్టించుకోలేదు.
మొదటి మైకులో వింటే పిచ్చుకలు తప్ప ఏం లేవు.
ఇద్దరూ రెండోదాన్లోనే దొరికారు,
ఎవరి ఊపిరి ఎవరిదో విడదీయలేకుండా.

బుధవారం వాన. కరెంటు లేదు.
మద్రాసు నుంచి వచ్చిన బాసు కుర్రాడు డెరిక్
పనసపొట్టు కూరతో అన్నం తిని
బస్తాల మీద నిద్రపోయాడు.
అరుగు మీద లేసు అల్లుతున్న మరియమ్మ
లోగొంతులో లెక్కపెట్టుకుంటోంది:
ఒకటి రెండు మూడు వదులు, ఒకటి రెండు వదులు.
ఎస్తేరు వేళ్ళు చిటికెలందుకున్నాయి.
బ్యాటరీ తగిలించి రెండో మైకు నేలదాకా దించాను.
"వదులు" అన్నచోటల్లా ఆమె పాడటం మానేసింది.
"దారానిదేముంది బాబూ,
కన్నాలు కుదిరితేనే లేసు" అంది మరియమ్మ.
ఆనక, "దీనికి డజనుకింతని కడతారా, రోజుకూలా?"
ఎస్తేరు పర్సు తీసి
సూర్రావు గారికిచ్చినంతా లెక్కపెట్టింది,
ఒక్కటీ వదలకుండా.

ఎనిమిదో పాట దానియేలుది. తమ్ముడు.
చర్చి కాయిర్‌లో పక్కపక్కన నిలబడి పెరిగినవాళ్ళు.
నాన్న సమాధి దగ్గర మాటా మాటా అయ్యాక
మధ్యలో వశిష్ఠ.
ఇటు నర్సాపురం, అటు సఖినేటిపల్లి,
పంటు ఎక్కితే పావుగంట.
"ఐదడుగుల పది" అంది మైకు చూపిస్తూ.
"ఒంగిపోయుంటాడేమో. తొమ్మిది పెట్టు."
మూడింటి పంటు వచ్చింది. నాలుగింటిది కూడా.
డెరిక్ తీగలు సరిచేసీ చేసీ ఊరుకున్నాడు.
ఐదు దాటాక "కానియ్" అంది.
తన వరసలు పాడింది.
అతని వరసల్లో నోరు మూసుకుని
తలూపింది, వింటున్నట్టే.
రేవులో పంటు ఇంజను
బాసుకి అరస్వరం కింద మోగుతోంది.
మూడో చరణంలో ఎక్కడో
బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడు.
తర్వాత దగ్గొకటి, సగంలో మింగేసినది.
లోపలికి ఎవరూ రాలేదు. పాట ఆగలేదు.

ఇంజను తుడిచెయ్యనా అంటే వద్దంది.

కవరు అచ్చై వచ్చాక చూశాను,
ఎనిమిదో పాట ఎదురుగా రెండు పేర్లు.
"ఆయన పాడలేదు కదండీ."
"సైకిలు స్టాండేశాడుగా" అంది.